సేవ చేసేవారి అలసటలో ఆడ, మగ తేడా ఉందా?

ఉక్కునగరం విశ్రాంతుడు
ఆదివారం, రాత్రి 10:20

సభ్యులందరికీ నమస్కారం. విశాఖ ఉక్కు కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి విరమణ పొందాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. నా భార్యకు మతిమరుపు జబ్బు మొదలై నాలుగేళ్ళు దాటింది. ఏడాదిన్నరగా ఆమెకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, బట్టలు మార్చడం, సాయంత్రం పూట ఆమె "ఇంటికి వెళ్దాం, ఇంటికి వెళ్దాం" అని గుమ్మం దగ్గరికి నడుస్తుంటే ఏదో ఒకటి చెప్పి వెనక్కి తీసుకురావడం, అన్నీ నేనే చూసుకుంటున్నాను. వంట అరవై నాలుగో ఏట నేర్చుకున్నాను.

నా సందేహం నా అలసట గురించి కాదు. మా ఇంటికి వచ్చిన ప్రతివారూ నన్ను మెచ్చుకుంటారు. పాత సహోద్యోగులు ఫోను చేసి "మీలాంటి భర్త ఎవరికి దొరుకుతాడండీ" అంటారు. ఎదురింటి వారు వారానికి రెండుసార్లు కూర పంపిస్తారు. పెందుర్తిలో ఉన్న మా చెల్లెలు మంచం పట్టిన అత్తగారికి పదకొండేళ్ళు సేవ చేసింది. అది ముగిసి మూడేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా "అత్తగారు ఎలా ఉన్నారమ్మా" అని అడిగాను తప్ప "నువ్వెలా ఉన్నావు" అని ఒక్కసారైనా అడిగిన గుర్తు నాకు లేదు. ఈ సంగతి మొన్న రాత్రి రెండు గంటలకు, నా భార్య పక్కదుప్పటి మారుస్తుండగా, ఉన్నట్టుండి తట్టింది.

మేమిద్దరం చేసిన పని ఒకటే. అయితే మా ఇద్దరి అలసట కూడా ఒకటేనా? చదివినవారు, చేసినవారు చెప్పగలరా?


భీమిలి కోడలు
ఆదివారం, రాత్రి 11:05

అన్నగారూ, మీ ప్రశ్న చదివి కొంతసేపు ఊరుకుండిపోయాను. మా మామగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్ళు. అత్తగారికి మోకాళ్ళు సహకరించవు కాబట్టి ఆమె కూర్చుని చెప్పగలరు గానీ లేచి చేయలేరు.

మా వారు మంచివారు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే నేను మగవాళ్ళ మీద ఫిర్యాదు చేస్తున్నానని అనుకుంటారు. ఆయన "ఏం సాయం చేయమంటావు?" అని రోజూ అడుగుతారు, చెప్పింది చేస్తారు కూడా. అయితే మూత్రపు గొట్టం ఎప్పుడు మార్చాలో, రక్తపోటు మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయో, మామగారు రెండు రోజులుగా విరేచనానికి వెళ్ళలేదన్న సంగతో, పిర్రల దగ్గర చర్మం ఎర్రబడిందన్న సంగతో ఆయన మనసులో ఉండదు, నా మనసులో ఉంటుంది. బట్టలు ఉతుకుతున్నా, పిల్లవాడి లెక్కలు చూస్తున్నా, నిద్రపోతున్నా అది అక్కడే ఉంటుంది. గంటలు లెక్కబెట్టేవారు ఈ పనిని ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు.

ఇంకొక సంగతి. ఆయనకు ఊరెళ్ళాలంటే సంచి సర్దుకుని వెళ్ళిపోతారు. పోయిన నెల విజయనగరంలో మా పిన్ని కూతురి పెళ్ళికి నేను ఒక్కపూట వెళ్ళడానికి ముందురోజు గంజి కాచి ఫ్రిజ్‌లో పెట్టి, డైపర్లు వరుసగా పేర్చి, పక్కింటి ఆవిడను బతిమాలి, మూడుసార్లు ఫోను చేశాను. పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు గుర్తుంది గానీ అమ్మాయి చీర ఏ రంగో గుర్తు లేదు.


లెక్కల పుస్తకం
సోమవారం, ఉదయం 7:15

కోడలుగారు అడిగిన "ఏ గడి" ప్రశ్నకు జవాబు ఉంది, అది ఆమె అనుమానించినట్టే ఉంది.

జాతీయ గణాంక కార్యాలయం 2019 జనవరి నుంచి డిసెంబరు వరకు దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు, అంతకు పైబడిన వయసువారిలో ఇంటివారి కోసం జీతం లేని ఇంటిపని చేసినవారు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. చేసినవారు రోజుకు వెచ్చించిన సమయం స్త్రీలకు 299 నిమిషాలు, పురుషులకు 97 నిమిషాలు. ఇంట్లోవారి సంరక్షణ విడిగా లెక్కించారు. అందులో పాల్గొన్నవారు స్త్రీలలో 27.6 శాతం, పురుషులలో 14 శాతం, సమయం 134, 76 నిమిషాలు. అదే సర్వేను 2024లో మళ్ళీ చేసినప్పుడు 15 నుంచి 59 ఏళ్ళ వయసువారిలో సంరక్షణ చేసినవారు స్త్రీలు 41 శాతం, పురుషులు 21.4 శాతం, సమయం 140, 74 నిమిషాలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సంరక్షణ అన్న గడిలో పసిపిల్లల పనీ ఉంది, వృద్ధుల పనీ ఉంది, కాబట్టి ఈ అంకెలను తీసుకుని నేరుగా మంచం పట్టినవారి సేవకు అంటగట్టరాదు. రెండోది ఇంకా ముఖ్యమైనది. రోగి పక్కదుప్పట్లు ఉతికితే అది ఇంటిపని గడిలోకి పోతుంది, ఆయనకు విడిగా మెత్తగా వండితే అదీ ఇంటిపనే. కోడలుగారు పెళ్ళిలో నిలబడి పడిన ఆందోళన ఏ గడిలోనూ పడదు.

విశ్రాంతుడు గారి అసలు ప్రశ్నకు వస్తే, అలసటలో తేడా ఉందా అన్నదాని మీద 2006లో పింక్వార్ట్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు 229 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. సేవ చేసే స్త్రీలలో భారం, కుంగుబాటు ఎక్కువగానూ, సంతృప్తి, శరీరారోగ్యం తక్కువగానూ కనిపించాయి. అయితే తేడాలు చాలావరకు చిన్నవే. స్త్రీలు ఎక్కువ గంటలు, ఎక్కువ రకాల పనులు, ముఖ్యంగా ఒంటిని తాకి చేసే పనులు ఎక్కువగా చేస్తున్నారు. ఆ హెచ్చుతగ్గులను లెక్కలోంచి తీసివేస్తే కుంగుబాటులోనూ ఆరోగ్యంలోనూ మిగిలిన తేడా, అసలు సేవే చేయని స్త్రీపురుషుల మధ్య మామూలుగా ఉండే తేడా అంతకు దిగిపోయింది. అంటే ఆడమనసు మెత్తనిది, మగమనసు గట్టిది అనే వివరణకు అక్కడ పెద్దగా ఆధారం దొరకలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ పరిశీలన మీ అనుభవానికి ఎదురు నిలుస్తుంది. బయటివారి సహాయం అందుకోవడంలో ఆడవారికీ మగవారికీ తేడా కనిపించలేదని అందులో ఉంది. ఎదురింటి కూర అందరికీ రావాలి మరి.


భీమిలి కోడలు
సోమవారం, ఉదయం 7:50

ఆ అధ్యయనాలు ఎక్కువగా ఏ దేశాల్లో చేశారండీ? మా వీధిలో చేసి ఉంటే కూర సంగతి వేరుగా వచ్చేది.


లెక్కల పుస్తకం
సోమవారం, ఉదయం 8:02

ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల్లో చేసినవే. మీ మాట కొట్టివేయలేను.


గోపాలపట్నం ఒంటరి
సోమవారం, రాత్రి 9:30

చర్చ ఒకవైపుకు వాలుతున్నదని అనిపించి రాస్తున్నాను. నాకు నలభై ఒక్క ఏళ్ళు, పెళ్ళి కాలేదు. అమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్ళు. నాన్న లేరు, అక్క నాగపూర్‌లో ఉంటుంది. మగవాడు సేవ చేస్తే ఊరంతా చప్పట్లు కొడుతుందని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. భార్యకు చేసే భర్తకు ఆ చప్పట్లు ఉంటాయేమో. తల్లికి చేసే పెళ్ళికాని కొడుకుకు వచ్చేది జాలి, ఆ తర్వాత సలహా.

ఆ సలహా ఏమిటో చెబుతాను. "ఒక పిల్లను చూసి పెళ్ళి చేసుకో నాయనా, అమ్మను చూసుకునే మనిషి ఇంట్లోకి వస్తుంది." మా మేనమామ అన్నాడు, అపార్ట్‌మెంటు కార్యదర్శి అన్నాడు, మందుల దుకాణంలో కుర్రవాడు కూడా అన్నాడు. ఎవరో తెలియని ఒక అమ్మాయి మీద నా తల్లి మలమూత్రాల పని పడేయడం వీరందరికీ పరిష్కారంగా తోచింది. నిజానికి మాట్లాడిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. పెళ్ళికూతురి తరఫువారు పైకి కట్నమో జాతకమో చెప్పారు గానీ మంచం ఉన్న గదిలోకి చూసి వెళ్ళిపోయారని నాకు తెలుసు. ఆ అమ్మాయిలను నేను తప్పు పట్టను.

స్నానం సంగతి ఇంకొకటి. అమ్మ నా చేత స్నానం చేయించుకోవడానికి ఒప్పుకోదు. మొదటి నెల ఏడ్చేది. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు ఆయా వస్తుంది, ఆమె రాని రోజున తడిగుడ్డతో ముఖం, చేతులు, కాళ్ళు మాత్రం తుడుస్తాను. ఆయా మానేసిన పదహారు రోజులు నేను రాత్రి డ్యూటీలు వదులుకున్నాను, జీతం తగ్గింది. ఈ పదహారు రోజుల్లో స్నేహితుడు ఒక్కడూ ఇంటికి రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మంచం ఉన్న ఇంటికి మగ స్నేహితులు వచ్చి ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియదు, అంతే.


వార్డు బయట
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నేను ఒక ఆసుపత్రిలో వైద్య సామాజిక కార్యకర్తను. పద్దెనిమిదేళ్ళుగా మంచాల పక్కన కూర్చునేవారితో మాట్లాడడమే నా ఉద్యోగం. గోపాలపట్నం తమ్ముడు చెప్పినదాన్ని చిన్నదిగా చూడవద్దని సభ్యులను కోరుతున్నాను.

సేవ చేసేవారి భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి అని ఒకటి ఉంది. 22 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 88. మీకంటూ సమయం మిగులుతోందా, మీ ఆరోగ్యం దెబ్బతిన్నదా, ఇంకా ఎక్కువ చేయవలసిందని అనిపిస్తుందా, ఇలాంటి ప్రశ్నలు. నా అనుభవంలో మగవారు ఈ కాగితం నింపే తీరు వేరుగా ఉంటుంది. ఒక తాతగారు అన్నింటికీ "లేదు, లేదు, లేదు" అని సున్నాలు పెట్టి కాగితం తిరిగి ఇచ్చారు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "అమ్మా, ఈ మధ్య స్కూటరు తాళం ఎక్కడ పెట్టానో తెలియక రోడ్డు మీద నిలబడిపోతున్నాను, నాకూ ఆ జబ్బే వస్తోందా" అని అడిగారు. వివరం కనుక్కుంటే ఐదు నెలలుగా ఆయన వరుసగా మూడు గంటలు నిద్రపోయిన రాత్రి లేదు. కాగితం మీద ఆయన భారం దాదాపు సున్నా.

ఆడవారి తీరు ఇంకొకటి. కాగితం మీదా చెప్పరు, మనసు గురించీ చెప్పరు, ఒంటి గురించి చెబుతారు. నడుము, మెడ, తలనొప్పి, కడుపులో మంట. "గుండె దడ వస్తోంది, గుండె డాక్టరుకు చూపించండి" అంటారు. పరీక్షలన్నీ బాగానే వస్తాయి. ఇంటికి వెళ్ళి ఏం చేస్తారమ్మా అని అడిగితే అప్పుడు బయటపడుతుంది.

కనుక స్త్రీలకు ఎంత, పురుషులకు ఎంత అని మార్కులు పోల్చేముందు ఎవరు దేన్ని బాధ అని పిలుస్తున్నారో చూడాలి. ఇది మాటలతో పోయే బాధ కాదు. 1999లో షుల్జ్, బీచ్ అనే ఇద్దరు జీవిత భాగస్వాములకు సేవ చేసే వృద్ధులను నాలుగేళ్ళు గమనించి ప్రచురించిన అధ్యయనంలో, సేవలో ఒత్తిడి పడుతున్నవారికి చనిపోయే ప్రమాదం సేవ చేయవలసిన అవసరం లేనివారికంటే 63 శాతం ఎక్కువగా ఉంది. సేవ చేస్తూ కూడా ఒత్తిడి లేదన్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. 1995లో వచ్చిన మరొక చిన్న అధ్యయనంలో, మతిమరుపు రోగులకు సేవ చేసేవారి చేతి మీద చేసిన చిన్న గాయం మానడానికి ఇతరులకంటే తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఒత్తిడి చర్మం లోపలికి వెళుతుంది.


లెక్కల పుస్తకం
మంగళవారం, మధ్యాహ్నం 3:10

చిన్న సవరణ, కార్యకర్తగారు అన్యథా భావించవద్దు. ఆ గాయం అధ్యయనంలో ఇరువైపులా పదముగ్గురు చొప్పున ఉన్నది స్త్రీలే. కాబట్టి సేవ శరీరాన్ని దెబ్బతీస్తుందనడానికి అది పనికొస్తుంది, ఆడ, మగ తేడాకు పనికిరాదు.


వార్డు బయట
మంగళవారం, మధ్యాహ్నం 3:25

నిజమే. పరిశోధనకు కూడా చేతికి దొరికింది ఆడవారే అన్నది గమనించదగ్గ సంగతి.


సీతమ్మధార ఫిజియో
మంగళవారం, రాత్రి 8:45

మనసు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఉన్నారు, నేను నడుము గురించి చెబుతాను. ఇళ్ళకు వెళ్ళి పక్షవాతం వచ్చినవారికి వ్యాయామం చేయించడం నా వృత్తి. రోగి కోసం వెళ్ళిన ఇంట్లో రెండో నెలకు ఆయన భార్య కూడా నా రోగి అవుతుంది.

మన దగ్గర భర్తలు సాధారణంగా భార్యలకంటే వయసులోనూ బరువులోనూ ఎక్కువ. నలభై ఎనిమిది కిలోల మనిషి డెబ్బై ఎనిమిది కిలోల మనిషిని చంకల కింద చేతులు పెట్టి లేపుతుంది. ఇది రోగి భుజానికీ ప్రమాదమే, పక్షవాతం వచ్చిన వైపు భుజం జారుతుంది. భర్త భార్యను లేపేటప్పుడు బరువు లెక్క తారుమారు అవుతుంది గానీ అక్కడ వేరే చిక్కు ఉంది. ఆయనకు బలం ఉంది కాబట్టి పద్ధతి నేర్చుకోడు, ఒక్క ఊపున లేపేస్తాడు, ఒకరోజు నడుము పట్టేస్తుంది.

నేను చెప్పే పద్ధతి ఇద్దరికీ ఒకటే. రోగిని ముందు బాగున్న వైపుకు ఒత్తిగిలేలా తిప్పి, కాళ్ళు మంచం దిగనిచ్చి, ఆ తర్వాత కూర్చోబెట్టాలి. కుర్చీని ఎప్పుడూ బాగున్న చేయి, కాలు ఉన్న వైపే పెట్టాలి, చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేయాలి. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోవాలి, మన మోకాళ్ళు వంచాలి, నడుము వంచకూడదు. మంచం మీద పైకి జరపాలంటే ఒంటి కింద అడ్డుదుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపాలి. ఆ రెండో మనిషి ఎవరన్నదే ప్రతి ఇంట్లోనూ అసలు ప్రశ్న. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయని అందరికీ చెబుతాం. రాత్రి రెండింటికీ నాలుగింటికీ మార్చేది ఎవరని మాత్రం అడగం, అడిగినా భార్య, కోడలు, కూతురు అనే జవాబే ఎక్కువగా వస్తుంది.


కంచరపాలెం మెట్లు
బుధవారం, ఉదయం 6:10

నేను ఇక్కడ చదవడమే తప్ప రాయడం అలవాటు లేదు. మా ఇల్లు కొండవాలులో ఉంది. రోడ్డు నుంచి మా గుమ్మానికి నూట పన్నెండు మెట్లు. మా ఆయనకు మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆటో కింద రోడ్డు దాకానే వస్తుంది. డయాలసిస్ అయ్యాక ఆయనకు కాళ్ళు నిలవవు, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకురావాలి.

ఆ నలుగురినీ అడగవలసింది నేను. వారానికి రెండుసార్లు, నెలకు ఎనిమిదిసార్లు, ఒక్కొక్కసారి నలుగురిని. వీధిలో కుర్రవాళ్ళు మంచివాళ్ళే, "పిన్నీ, పిలిస్తే చాలు" అంటారు. కానీ ఆడదాన్ని, చీకటిపడ్డాక వాళ్ళ గుమ్మాల్లో నిలబడి పిలిస్తే వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఆయనకు బదులు నాకు జబ్బు చేసి ఉంటే ఆయన కిళ్ళీకొట్టు దగ్గర ఒక్క కేక వేస్తే నలుగురూ వచ్చేవారు. డయాలసిస్‌కు వచ్చే పింఛను పదివేలు మాకు అందుతోంది, మందులకూ ఆటోలకూ సరిపోతుంది. అడగడంలో పడే బరువుకు పింఛను లేదు. ఈ వారం ఇద్దరే దొరికారు. నేను కుర్చీ మూడో కాలు పట్టుకున్నాను.


దూరపు కొడుకు
బుధవారం, రాత్రి 11:50

బెంగళూరు నుంచి రాస్తున్నాను. అమ్మా నాన్నా మధురవాడలో ఉంటారు, తమ్ముడి భార్య చూసుకుంటుంది. ఖర్చంతా నేను పంపుతాను. ఫోను రాత్రి పదకొండుకు మోగితే నా చేతులు వణుకుతాయి. దీనికి కూడా అలసట అని పేరు పెట్టవచ్చా, లేక డబ్బు పంపేవాడికి ఆ హక్కు లేదా?


భీమిలి కోడలు
గురువారం, ఉదయం 8:20

హక్కు ఉంది, ఎందుకు లేదండీ. కానీ ఒక్క మాట అడుగుతాను. మీ మరదలు ఆయాను పెట్టుకుంటానంటే "ఇంట్లో మనిషి ఉండగా బయటిమనిషి ఎందుకు" అన్నది ఎవరు? మా ఇంట్లో ఆ మాట మా ఆడపడుచు అంది, ఖర్చులో వాటా ఇవ్వకుండానే అంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు.


దూరపు కొడుకు
గురువారం, మధ్యాహ్నం 1:05

అన్నది నేనే. ఖర్చుకు వెనుకాడి అనలేదు. అమ్మకు నచ్చదని అన్నాను. అమ్మను అడగకుండానే అన్నానని ఇప్పుడు గుర్తొస్తోంది.


రేవు ఉద్యోగి
గురువారం, రాత్రి 9:15

చట్టం, సెలవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. క్లుప్తంగా రాస్తాను, ఈ లింగభేదం కాగితాల్లో ఎలా అచ్చయిందో అప్పుడు కనిపిస్తుంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. నెలకు పదివేల రూపాయల వరకు భరణం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కోడలు, అల్లుడు ఆ నిర్వచనంలో లేరు. వారిని చేర్చాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. చేర్చితే మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నాకు కనిపించేది ఏమిటంటే, చట్టం కొడుకు జేబును చూసింది, కోడలి చేతులు దానికి కనపడలేదు. డబ్బు ఇవ్వనివాడి మీద అర్జీ పెట్టవచ్చు. పదకొండేళ్ళు పక్క ఎత్తిన మనిషికి ఏం రావాలో ఎక్కడా రాయలేదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016 కొంత నయం. జీతం తీసుకునైనా తీసుకోకుండానైనా సేవ చేసే కుటుంబసభ్యులను అది సంరక్షకులుగా గుర్తించింది, ఎక్కువ సహాయం అవసరమైనవారి విషయంలో సంరక్షక భత్యం ఇచ్చే ఆలోచన ప్రభుత్వాలు చేయాలన్నది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద సేవ చేసేవారి పేరునే నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే, కానీ పేరు ఆ మనిషిది. మన ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 పింఛను 2024 జూలై నుంచి ఇస్తున్నారు, అది రోగి పేరున వస్తుంది.

ఇక సెలవులు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి పిల్లల సంరక్షణకు 730 రోజుల సెలవు ఉంది, 2018 నుంచి ఒంటరి తండ్రులకు కూడా ఇచ్చారు. వృద్ధ తల్లిదండ్రుల కోసం విడిగా సెలవంటూ లేదు. ఏడాదికి ఉండే 30 ఆర్జిత, 20 అర్ధవేతన, 8 ఆకస్మిక, 2 ఐచ్ఛిక సెలవులనే వాడుకోవచ్చని ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు చెప్పింది. మా కార్యాలయంలో నాన్నగారి కోసం ఆర్జిత సెలవు అడిగితే పై అధికారి "ఇంట్లో మేడం లేరా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నలో నాకు సెలవు పోయింది, మా ఆవిడకు ఉద్యోగం పోయింది. ఆమె బడిలో పాఠాలు చెప్పేది, ఆ ఏడాది మానేసింది.


గోపాలపట్నం ఒంటరి
గురువారం, రాత్రి 9:50

"ఇంట్లో మేడం లేరా?" అన్నదీ, "పెళ్ళి చేసుకో నాయనా" అన్నదీ ఒకే వాక్యం, అన్నగారూ. మీకు సెలవు దొరకలేదు, నాకు ఆయా తప్ప దిక్కు లేదు, మీ ఆవిడ బడి మానేశారు. నేను మొదట రాసినప్పుడు మగవాడి కష్టం వేరు అని వాదించాలనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.


నిర్వాహకురాలు
గురువారం, రాత్రి 10:30

చర్చ విషయం మీదే నడుస్తున్నందుకు సంతోషం. నిద్ర పట్టక, మనసు బరువెక్కి ఇది చదువుతున్నవారు ఉంటే టెలి మానస్ 14416 ఉచిత నంబరు, ఏ వేళనైనా మాట్లాడవచ్చు. వయోవృద్ధుల విషయాలకు ఎల్డర్‌లైన్ 14567. వ్యక్తిగత వైద్య సలహాలు ఇక్కడ అడగవద్దు.


లెక్కల పుస్తకం
శుక్రవారం, ఉదయం 7:00

ఇంకొక అంకె చెప్పి ఆగుతాను. మన దేశంలో అరవై దాటినవారిలో మతిమరుపు జబ్బు 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఉందని 2023లో ప్రచురించిన అంచనా. అందులోనూ స్త్రీలలో ఎక్కువ. అంటే విశ్రాంతుడు గారిలాగా భార్యకు అన్నం తినిపించే భర్తలు ముందుముందు పెరుగుతారు. వారికి అరవై నాలుగో ఏట గాక ఇరవై నాలుగో ఏట వంట నేర్పే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో సర్వేలు అడగవు. మా ఇంట్లో లేదు, నేను ఇప్పటికీ పప్పు మాడుస్తాను.


ఉక్కునగరం విశ్రాంతుడు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వారం రోజులు చదువుతూ ఉన్నాను, జవాబు రాయడం ఆలస్యమైంది.

మొన్న శుక్రవారం చెల్లెలికి ఫోను చేశాను. "ఆ పదకొండేళ్ళూ నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడెందుకన్నయ్యా" అంది. నేను ఊరుకున్నాను. అప్పుడు చెప్పింది, మొదటి రెండేళ్ళు ఏడ్చిందట, మూడో ఏడు నుంచి ఏడవడం మరిచిపోయిందట. అత్తగారు పోయిన తర్వాత ఆరు నెలలు రాత్రి రెండింటికి తనంతట తానే మెలకువ వచ్చి, మార్చవలసిన పక్క లేక, వంటింట్లో కూర్చునేదట. "నీకు అందరూ ఫోన్లు చేస్తున్నారటగా, బాగుందన్నయ్యా" అంది. దెప్పిపొడుపు ఏమీ లేదు, నిజంగానే సంతోషించి అంది. నాకు అది ఇంకా కష్టంగా తోచింది.

తర్వాత ఆమె అన్నమాట కోసమే ఇది రాస్తున్నాను. "వదినను ప్రతి ఆదివారం నేను వచ్చి చూసుకుంటాను, నువ్వు ఓ పూట బయటికి వెళ్ళిరా" అంది. నేను "సరేనమ్మా" అనబోయాను, నోటి దాకా వచ్చింది. కార్యకర్తగారు చెప్పినట్టు నాకూ నిద్ర లేదు, ఒక పూట సముద్రం ఒడ్డున కూర్చుంటే చాలని ఉంది. కానీ అరవై ఒక్క ఏళ్ళ మనిషి పెందుర్తి నుంచి బస్సు మారి వచ్చి, మళ్ళీ ఒకరి పక్క ఎత్తుతుంది. ఆ పనిని అడగకుండానే తన మీద వేసుకుంటుంది, నేను అడగకుండానే తీసుకుంటాను. వద్దన్నాను. భోజనానికి మాత్రం రమ్మన్నాను, వంట నేనే చేస్తానన్నాను.

మా అబ్బాయి గాజువాకలో ఉంటాడు. ఇన్నాళ్ళూ "కోడలిని పంపించు" అని నేనే వాడితో అనేవాడిని, రేవు ఉద్యోగిగారి అధికారి లాగానే. ఈసారి నువ్వే రారా అన్నాను. ఇవాళ వచ్చాడు. స్నానం సంగతి ఉదయం ఆయాతో సర్దుబాటు చేసుకుంటాను, అన్నం మాత్రం వాడు తినిపించాడు. వాళ్ళమ్మను నిటారుగా కూర్చోబెట్టాలని, పెరుగన్నం మెత్తగా కలిపి చిన్న చెంచాతో పెట్టాలని, మింగిందో లేదో గొంతు కదలడం చూసి గాని రెండోది పెట్టకూడదని చెప్పాను. వాడు తొందరపడ్డాడు, ఆమెకు పొలమారింది, చెంచా కింద పెట్టేసి నా ముఖం చూశాడు. నేను లేవలేదు. ఆమె తేరుకున్నాక వాడే మళ్ళీ మొదలుపెట్టాడు. చిన్న గిన్నెడు అన్నానికి యాభై నిమిషాలు పట్టింది.